మట్టి మిద్దెను స్లాబుగా రాసుకున్న ఇంటి పన్ను గారికి

మహారాజశ్రీ ఇంటి పన్ను గారి దివ్యసముఖమునకు, కడప జిల్లాలోని ఒక పురపాలక పట్టణంలో సొంత ఇల్లు కలిగి ఉండే సాహసానికి ఒడిగట్టిన ఒక అసెస్‌మెంటుదారు నమస్కరించి వ్రాసుకొను విన్నపము.

తమరు క్షేమమని నాకు తెలుసును. ఏటా నూటికి పదిహేను వంతుల దాకా ఒళ్ళు చేయవచ్చునని చట్టమే అనుమతించిన వారిని కుశలమడగడం వృథా. నా సంగతి అంటారా, నిన్న మధ్యాహ్నం భోజనం ముగించుకొని వార్డు సచివాలయానికి వెళ్ళి, సర్వరు లేచేవరకు కూర్చుని, అది లేచిన తరువాత "ఇది మా పరిధిలోది కాదు, పెద్దాఫీసులో అడగండి" అనిపించుకొని, పెద్దాఫీసు రెవెన్యూ విభాగంలో సాయంత్రం దాకా నిలబడి, చివరకు తమ కంప్యూటరు తెర మీద నా ఇంటిని కళ్ళారా చూసుకున్నాను. అక్కడ ఉన్న ఇల్లు చాలా బాగుంది. దాని పైకప్పు ఆర్‌సీసీ స్లాబు.

నేను కాపురముంటున్న ఇంటికి స్లాబు లేదు. మా తాతగారు రాతి గోడలు లేపి, వేప దూలాలు ఎక్కించి, వాటి మీద దంతెలు పరిచి, బండలు కప్పి, ఆ పైన మట్టి వేయించి కట్టిన మిద్దె అది. వానాకాలానికి ముందు ప్రతి ఏడూ బండెడు చౌడు మట్టి తోలించి పైన పరిపించకపోతే మిద్దె ఉరుస్తుంది. పరిపించినా ఈశాన్య మూల ఉరుస్తుంది. ఆ మూల కింద పెట్టే ఇత్తడి గంగాళం మా ఇంట్లో ఒక స్థిరాస్తి. దాన్ని కూడా తమరు లెక్కలో కలుపుకున్నారేమో నాకు తెలియదు, ఎందుకంటే ఆ లెక్క ఏమిటో ఇంతవరకు నాకు చెప్పిన నాథుడు లేడు.

చట్టంలో ఏముందో చదువుకున్నాను. పూర్వం తమరు ఇంటికి ఏడాదికి ఎంత అద్దె వస్తుందో అంచనా కట్టి పన్ను వేసేవారు. 2020లో చట్టం సవరించి, 2021 ఏప్రిల్ నుంచి అద్దెను వదిలి మూలధన విలువను పట్టుకున్నారు. రిజిస్ట్రేషన్ శాఖ పుస్తకంలో స్థలానికి ఎంత ధర ఉందో, కట్టడానికి ఎంత ధర ఉందో కలిపి, నివాసానికైతే అందులో 0.10 నుంచి 0.50 శాతం వరకు పన్నుగా నిర్ణయించవచ్చునన్నారు. ఒక్కసారిగా మోయలేమని దయతలచి, పాత పన్ను మీద ఏటా పెంపు 15 శాతం మించకూడదని కట్టుబాటు కూడా పెట్టారు. ఆ దయను ఒకసారి కాగితం మీద వేసి చూశాను. 2,000 రూపాయల పన్ను తొలి ఏడు 2,300, మలి ఏడు 2,645 అవుతూ, అయిదు పెంపులు పూర్తయ్యేసరికి 4,000 దాటుతుంది. నా పింఛనుకు ఇంత పట్టుదల లేదు.

పెరుగుదలను కూడా సహించగలను. ఊరు పెరిగింది, బైపాస్ పక్కన సెంటు ధర పెరిగింది, ఆ గాలి మా వీధికీ తగిలింది, సరే. కానీ నేను అమ్మదలచుకోని ఇంటికి తమరు ధర కట్టి, ఆ ధరలో ఏటా వాటా అడుగుతున్నప్పుడు, కనీసం ఏ ఇంటికి ధర కట్టారో చూసుకోవాలి కదా?

ఇక కొలతల సంగతికి వస్తాను. తమరు ఇంటిని కొలిచేది ప్లింత్ ఏరియాతో, అంటే గోడల మందం కూడా కలుపుకొని. తొమ్మిదంగుళాల ఇటుక గోడల ఇళ్ళవారికి దీనితో పెద్ద బాధ లేదు. మా సీమలో పాత ఇళ్ళ గోడ మందం రెండు అడుగులు. మా ఇల్లు వెలుపలి నుంచి కొలిస్తే 30 అడుగులకు 40, మొత్తం 1,200 చదరపు అడుగులు. లోపలి నుంచి కొలిస్తే 26కు 36, అంటే 936. అడ్డగోడలను వదిలేసినా, మిగిలిన 264 చదరపు అడుగులు ఉత్త రాయి, మట్టి. ఆ 264 అడుగుల్లో దీపపు గూళ్ళు తప్ప మరేమీ లేవు. అక్కడ మంచం వేయలేను, అద్దెకు ఇవ్వలేను, నిలబడనైనా లేను. అయినా ఆ రాతికి స్లాబింటి ధర కట్టి అర్ధసంవత్సరానికొకసారి పన్ను వసూలు చేస్తున్నారు.

మా వీధి చివర ఒక అవ్వ ఉంది. ఆవిడకు ఉన్నది ఒకే గది. యజమాని స్వయంగా కాపురముండే ఇల్లు 375 చదరపు అడుగులకు మించకపోతే ఏడాదికి 50 రూపాయలు కడితే చాలునని తమ నిబంధనే చెబుతున్నది. అవ్వ గది వెలుపల 20 అడుగులకు 20, కాబట్టి తమ పుస్తకంలో 400. లోపల 16కు 16, కాబట్టి ఆవిడ బతుకుతున్నది 256లో. ఆ లోపలే పొయ్యి, మంచం, వడ్ల తొట్టి, దేవుడి పటాలు అన్నీ. సిమెంటు గోడల గది అయి ఉంటే ఆ నిబంధన కిందికి వచ్చి ఉండేది. పూర్వులు గోడలు దిట్టంగా కట్టిన పాపానికి ఆవిడ పేదల జాబితాలో నుంచి జారిపోయింది. ఈ సంగతి కిటికీ దగ్గర చెబితే, లోపలి ఉద్యోగి "రూలు అట్లే ఉంది సార్" అన్నారు. ఆయన తప్పేమీ లేదు. ఆయన ముందున్న తెరలో గోడ మందానికి గడి లేదు.

మిగిలిన సంగతులు ఇంత విచారించదగినవి కావు. రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా పుచ్చుకుంటున్నారు. మా గ్రంథాలయంలో నిన్నటి పత్రిక ఇవాళ కూడా దొరకదు, మొన్నటిది మాత్రం ఎప్పుడూ ఉంటుంది. 2021లో వచ్చిన తమ తమ్ముడు చెత్త పన్ను గారు 2024 చివరకు సెలవు తీసుకున్నారు, సంతోషం. జూన్ 30, డిసెంబరు 31 దాటితే నెలకు 2 శాతం వడ్డీ వేస్తారు. కుళాయి రాని రోజులకు అదే రేటున నాకు వడ్డీ ఇప్పించే ఆలోచన ఉంటే తెలియజేయగలరు. అనుమతి లేకుండా అంతస్తు లేపిన వారి దగ్గర నూటికి నూరు అదనంగా తీసుకొని, ఆ కట్టడాన్ని క్రమబద్ధం చేసినట్టు కాదని కూడా చెప్పగల తమ చమత్కారానికి జోహారు.

ఇక మర్యాద నా వల్ల కాదు. "పైకప్పు తప్పు పడింది, దిద్దండి" అని రాతపూర్వకంగా అర్జీ ఇస్తే ఆ కిటికీలో నాకు దొరికిన సలహా ఏమిటో తెలుసా? "వదిలేయండి సార్. అర్జీ పెడితే కొలతలకు వస్తారు. వస్తే పెరటిలోని రేకుల షెడ్డు కూడా రాస్తారు. ఉన్నదానికంటే ఎక్కువ పడుతుంది." ఆ మాట చెప్పినవారు నా మేలు కోరే చెప్పారు, గొంతు తగ్గించి మరీ చెప్పారు. అదే నాకు నిద్ర పట్టనివ్వలేదు. తప్పు తమరు చేశారు. దాన్ని దిద్దమనడానికి నేను భయపడాలా? లేని స్లాబుకు నోరు మూసుకొని పన్ను కడితే మంచి పౌరుడిని, ఉన్న మిద్దెను చూడమంటే షెడ్డు దొంగనా? పన్ను ఎగవేసేవాడు తమ మనిషిని చూసి భయపడితే అర్థముంది. రసీదులన్నీ చేత పట్టుకొని వచ్చినవాడు తమ టేపును చూసి వెనక్కి తగ్గవలసి వస్తే, అది పరిపాలన కాదు, బెదిరింపు.

రసీదుల మాట వచ్చింది కాబట్టి ఒకటి ఒప్పుకుంటాను. మా నాయన ట్రంకుపెట్టెలో తమ రసీదులు ఏడాది వారీగా దారంతో కుట్టి పెట్టి పోయారు. కరెంటు మీటరుకైనా, కొడుకు బ్యాంకు అప్పుకైనా, ఎల్లగోడ దగ్గర పక్కింటివారితో వచ్చిన పేచీకైనా ఆ కట్టే మాకు కాపు కాసింది. పాత రసీదుల్లో బిల్లు కలెక్టరు ముత్యాల్లాంటి అక్షరాలతో "మట్టి మిద్దె" అని రాసి ఉంది. ఆయన మా ఇంటి అరుగు మీద కూర్చొని, తల ఎత్తి చూసి, అప్పుడు రాసేవాడట. తమరిని నేను పూర్తిగా ద్వేషించలేకపోవడానికి ఆ రెండు మాటలే కారణం.

కాబట్టి అర్జీ వెనక్కి తీసుకోవడం లేదు. మనిషిని పంపండి. షెడ్డు కొలవండి, అది నాదే, దాచను. కట్టడం ఏ రకమో, ఏ ధర పట్టుకున్నారో, వయసుకు ఎంత తరుగు తీశారో, ఎంత శాతం వేశారో ఒక్క కాగితం మీద రాసి ఇవ్వండి. ఎక్కువైతే ఎక్కువే కడతాను, ఏప్రిల్ 30 లోపు కట్టి 5 శాతం రాయితీ కూడా పుచ్చుకుంటాను.

వచ్చినప్పుడు వీధి చివరి దాకా కూడా నడవండి. టేపు గది లోపల పట్టి కొలవండి. అవ్వ 50 రూపాయలు కొంగున ముడి వేసుకొని ఉంది, రసీదు పుస్తకం తెచ్చుకోండి.

ఇట్లు,
తమ పుస్తకంలోని స్లాబింటి యజమాని