మా శివారుకి ఫైబర్ కావాలి, కాగితం మీద పెట్టి అడుగుదాం

ఎంసెట్ వెబ్ ఆప్షన్లకి ఆఖరి రోజు మా అక్క కూతురు ఫోన్ పట్టుకుని డాబా మీద రెండు గంటలు తిరిగిందండీ, సైట్ ఓపెన్ అవుద్ది, ఓటీపీ వచ్చేలోపు సిగ్నల్ పోద్ది, మళ్లీ మొదట్నుంచి. చివరికి బస్సెక్కి గుంటూరు మా ఇంటికొచ్చి పెట్టుకుంది. ఊరు ఇక్కడికి గంట దూరం, ఏజెన్సీ ఏం కాదు.

మా పంచాయతీ ఆఫీసు దాకా ఫైబర్, అంటే స్పీడు నెట్టు వచ్చే వైరు, ఉంది. అక్కణ్ణుంచి మా శివారుకి మూడు కిలోమీటర్లు, అదే ఎవరూ లాగట్లేదు. కేబులాయన్ని అడిగితే "నలభై ఇళ్ల కోసం అంత వైరు లాగితే నాకేం మిగులుద్ది అన్నా" అన్నాడు. ఆయన లెక్క ఆయనది, తప్పు పట్టలేను. అందుకే ఆ ఖర్చు గవర్నమెంటే పెట్టుకోవాలంటున్నా.

ఊరికే అడుక్కుంటున్నాం అనుకోకండి. టెలికాం కంపెనీల ఆదాయంలో 5 శాతం పల్లెల్లో ఫోను, నెట్టు కోసమనే ఏళ్ల తరబడి తీస్తున్నారు, ముందు యూఎస్ఓ ఫండ్ అనేవాళ్లు, ఇప్పుడు డిజిటల్ భారత్ నిధి అంటున్నారు. మా అమ్మ నెలనెలా చేయించుకునే రీఛార్జిలోంచి కూడా అందులోకి పోతోంది!

పంచాయతీలన్నిటికీ ఫైబర్ అని 2011లో ఓకే చేశారు, తర్వాత దానికే భారత్‌నెట్ అని పేరు పెట్టారు. 2023 ఆగస్టులో స్కీము మార్చి 1,39,579 కోట్లు అన్నారు. ఈసారి వైరు రింగులా వేస్తారు, అంటే ఒకచోట తెగినా రెండోవైపు నుంచి నెట్ వస్తది, ఇది చాలా మంచి పని. అసలు మనకి కావాల్సింది ఇంకోటుంది, పంచాయతీ కేంద్రాలు కాని సుమారు 3.8 లక్షల ఊళ్లకి కూడా ఇస్తారు, కాకపోతే డిమాండ్ ఉంటేనే. అడగందే అమ్మైనా అన్నం పెట్టదంటారే, అచ్చంగా అదే.

మన రాష్ట్రంలో ఫైబర్‌నెట్ 2017లో 149 రూపాయలకే నెట్టు, టీవీ, ఫోను అని మొదలైంది, కరెంటు స్తంభాల మీదుగా లాగారు కాబట్టే తొందరగా పాకింది. కానీ స్తంభం మీద వైరుకి గాలివాన గండం, ఒక్క కొమ్మ విరిగి పడితే చాలు. కాబట్టి లాగడానికే కాదు, తెగితే అతికే మనిషికి జీతం, కరెంటు పోయినా నెట్టు ఆగకుండా పంచాయతీలో బ్యాటరీకి డబ్బులు కూడా అడగాలి.

గ్రామసభలో తీర్మానం చేయిద్దాం, కాపీలు కలెక్టర్‌కి, ఎంపీకి ఇద్దాం. అర్జీ నేను రాసుకుని ఆదివారం పొద్దున వస్తా, ఇంటికొకరు రామాలయం అరుగు దగ్గరికొచ్చి సంతకం పెట్టండి.