ఏనుగు పోయింది, తోక చిక్కింది

మనిషికి తోక ఊడి లక్షల ఏళ్ళయినా ఆ వెలితి మాత్రం లోపల ఎక్కడో అలాగే ఉండిపోయిందనీ, దాన్ని తీర్చే మహత్కార్యం 1948లో అమెరికాలో కాడిలాక్ కార్ల కంపెనీ వాళ్ళు కారు వెనక రెక్కల్లాంటి తోకలు మొలిపించి మొదలుపెట్టారనీ నా పరిశోధనలో తేలింది. పరిశోధన అంటే మరీ పీహెచ్‌డీ ఏం కాదు, డాలస్ పక్కన మా తోడల్లుడు గ్యారేజీలో పాత కారు బాగుచేసుకుంటుంటే ఆరేళ్ళుగా ప్రతి శనివారం టార్చిలైటు పట్టుకుని నిలబడుతున్నా, ఆ అనుభవం.

మావాడి దగ్గరున్నది 1959 కాడిలాక్. టాపు మడిచేసే కన్వర్టబుల్ కాదులెండి, ఆ ఎల్డొరాడో బియారిట్జ్‌లు ఆ ఏడాది మొత్తానికి 1,320 మాత్రమే చేశారు, ఇప్పుడు కొనాలంటే ఉన్న రెండు కిడ్నీలూ చాలవు. మనది నాలుగు డోర్ల సెడాన్, ఈ కార్ల లోకంలో నాలుగు డోర్లంటే కాస్త చిన్నచూపు, అందుకే మనకు దొరికింది. పొడవు 225 అంగుళాలు, అంటే పంతొమ్మిది అడుగులకి మూడంగుళాలు తక్కువ. గ్యారేజీలో గోడ వైపు ఒక పెద్ద ఫ్రీజరుంది, దాన్నిండా గోంగూర, ములక్కాడలు, అది తీయడానికి మా మరదలు ఒప్పుకోదు, కాబట్టి కారు లోపలికెళ్ళింది గానీ షట్టరు దిగదు. ఏనుగు పోయి తోక చిక్కిందని మనవాళ్ళు సామెత చెప్తే ఏదో మాటవరసకి అన్నారనుకున్నా, ఇంత కొలత పెట్టి చెప్పారని అప్పుడే తెలిసింది. రెండు నెలలకోసారి కాలనీ అసోసియేషన్ నుంచి లెటరొస్తుంది, తోకలు లోపల పెట్టుకోండి అని.

ఈ తోకల పుట్టుపూర్వోత్తరాలు తెలియకుండా నవ్వేవాళ్ళున్నారు కాబట్టి కాస్త చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధం టైములో కాడిలాక్ సొంతదారు జనరల్ మోటార్స్‌లో డిజైన్ పెద్దాయన హార్లీ ఎర్ల్ తన మనుషుల్ని తీసుకెళ్ళి లాక్‌హీడ్ పీ-38 అనే యుద్ధ విమానం చూపించాడు. ఆ విమానానికి వెనక రెండు తోకలు. వేరే ఎవరైనా అయితే అబ్బో ఎంత బాగుందో అనుకుని ఇంటికొచ్చి అన్నం తిని పడుకునేవాళ్ళు, వీళ్ళు మాత్రం దీన్ని కారుకి పెడితే ఎలా ఉంటుందీ అనుకున్నారు. యుద్ధం అయ్యాక 1948 కాడిలాక్ వెనక ఇంత బొడిపెలు రెండు వచ్చాయి. చిన్నవే, సిగ్గుపడుతున్నట్టుండేవి. కానీ తోక అనేది ఒకసారి మొలిచాక ఆగుతుందా, లంకలో హనుమంతుడు రావణుడి సింహాసనం కంటే ఎత్తుగా చుట్ట చుట్టుకుని కూర్చున్న తోకలా ఏడాదికింత పెరుగుతూ పోయింది.

ఇంతలో 1957లో క్రైస్లర్ వాళ్ళ డిజైనరు వర్జిల్ ఎక్స్‌నర్ వచ్చి అందరి తోకలూ తొక్కేశాడు. ఆయన వాళ్ళ ప్లిమత్ కార్లకి పెట్టిన తోకలు చూసుకుని కంపెనీ వాళ్ళే తబ్బిబ్బయిపోయి హఠాత్తుగా 1960 వచ్చేసిందహో అని యాడ్స్ వేసుకున్నారు, అంటే క్యాలెండర్‌లో మూడేళ్ళు ఎగరగొట్టేశారన్నమాట, మన సిద్ధాంతిగార్లు కూడా అంత సాహసం చేయరు. ఆ కొత్త కార్లు ఇంకా మార్కెట్లోకి రాకముందే జనరల్ మోటార్స్ కుర్రాడొకడు ప్లిమత్ వాళ్ళ కంచె అవతల నుంచి వాటిని చూసి గుండె జారిపోయి ఆఫీసుకి పరిగెత్తుకొచ్చాడని, పెద్దాయన ఎర్ల్ యూరప్ ట్రిప్పులో ఉన్న టైము చూసుకుని అందరూ కలిసి 1959 మోడళ్ళు మొత్తం మళ్ళీ మొదట్నించీ గీసిపారేశారని చెప్తారు. ఆ పక్కింటి కుళ్ళులోంచి పుట్టిందే మావాడి గ్యారేజీలో ఉన్న తోక. డెట్రాయిట్ చరిత్రలో అంతకంటే ఎత్తు తోక రాలేదంటారు. ఒక్కో తోకకి తూటాల్లాంటి ఎర్ర లైట్లు రెండేసి, అవి చూస్తే కారు ఇప్పుడో ఇంకాసేపట్లోనో చంద్రమండలం వైపు లేస్తుందేమో అనిపిస్తుంది. మావాడిది ప్రస్తుతానికి డ్రైవ్‌వే వైపు కూడా లేవట్లేదు, అది వేరే సంగతి.

ఇంతకీ ఈ తోక ఎందుకు అని అడిగే అజ్ఞానులుంటారు. ఎక్స్‌నర్ గారు దీనికి సైన్సు చూపించారు, విండ్ టన్నెల్లో, అంటే గాలి హోరున కొట్టే గొట్టంలో, పెట్టి టెస్టులు చేయించి, పక్కగాలి కొట్టినప్పుడు బండి తిన్నగా పోడానికి తోక సాయపడుతుందన్నారు. అయి ఉండొచ్చు. మరి 1959 తర్వాత కాడిలాక్ తోక ఏటేటా కిందికి దిగి 1965కల్లా పూర్తిగా మాయమైపోతే అమెరికా కార్లన్నీ గాలికి కొట్టుకుపోలేదెందుకో నేను ఒకసారి అడిగాను. మావాడు రెంచి కింద పెట్టి నా వంక జాలిగా చూశాడు. ఈ తోకలు గుచ్చుకుని మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్న కేసుల గురించి 1965లో కార్ల భద్రత కోసం పోరాడిన రాల్ఫ్ నాడర్ రాశాడు కదా అని కూడా అందామనుకున్నా గానీ ఆ పేరు మా గ్యారేజీలో ఎత్తరు, పెళ్ళిలో అశుభం మాట్లాడినట్టు.

అసలు నన్ను ఆనందంతో తలకిందులు చేసే విషయం ఇంకోటుంది. హార్లీ ఎర్ల్ 1955లో చక్కగా లెక్క చెప్పాడు, 1934లో సగటున మనిషి ఒక కారుని ఐదేళ్ళు ఉంచుకునేవాడు, ఇప్పుడు రెండేళ్ళకే మార్చేస్తున్నాడు, ఒక్క ఏడాదికే మార్చే రోజొస్తే మాకు నూటికి నూరు మార్కులొచ్చినట్టు, అని. అంటే ఏంటన్నమాట, కొన్న ఏడాదికే మొహం మొత్తి పక్కనపడేయాలని పెద్ద జీతాలిచ్చి మేధావుల్ని కూర్చోబెట్టి కష్టపడి తయారు చేయించిన వస్తువు అది. ఆ వస్తువు కోసం మావాడు ఆరేళ్ళ శనివారాలు, ఒక భుజం నొప్పి, పిల్లాడి కాలేజీ ఫండులో కొంత భాగం సమర్పించాడు. వాళ్ళు ఏడాదిలో పారేయమన్నదాన్ని మనం జన్మంతా వదలం, ఇంతకంటే గొప్ప తిరుగుబాటు కార్పొరేట్ అమెరికా మీద ఎవడు చేశాడో చెప్పండి.

రెస్టొరేషన్, అంటే పాత బండిని మళ్ళీ కొత్తదానిలా చేయడం, అదొక ప్రత్యేకమైన భాష కూడా, ముందు అది నేర్చుకోవాలి. మనింటి గేటుకి పట్టేది తుప్పు, కాడిలాక్‌కి పడితే ప్యాటినా. ఎవరి గడ్డివామి కిందో కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్న డొక్కు దొరికితే దాని పేరు బార్న్ ఫైండ్. ఇంజన్ మీద నంబరూ బాడీ మీద నంబరూ ఒకే బండివని తేలితే మ్యాచింగ్ నంబర్స్, దానికి మన జాతకాలు కుదిరినంత సంబరం, పైగా మనవాళ్ళు 36 గుణాలే చూస్తారు, అక్కడ ఏఏసీఏ అనే పాత కార్ల క్లబ్బు జడ్జీలు 400 పాయింట్లకి చూస్తారు. రబ్బరు గొట్టానికి బిగించే క్లాంపు ఆ కాలంది కాకుండా ఆటోజోన్ షాపులో కొన్నది పెట్టావనుకో, పాయింటు కట్. కట్నం దగ్గర కూడా ఇంత పట్టుదల నేను చూడలేదు. బాగా మార్కులొచ్చిన కారుని రోడ్డెక్కిస్తే దుమ్ము పడుతుంది కాబట్టి ట్రైలర్ మీద తీసుకెళ్ళి ట్రైలర్ మీదే తెస్తారు, దాన్ని ట్రైలర్ క్వీన్ అంటారు. రాణీవాసం అన్నమాట. ఘోషా ఒక్కటే తక్కువ, అదీ కవరేసి తీర్చేస్తారు.

ఆ క్లాంపుల కోసం, బొత్తాల కోసం ఏటా అక్టోబర్లో పెన్సిల్వేనియాలో హర్షీ అనే ఊళ్ళో తిరునాళ్ళు జరుగుతుంది. చాక్లెట్లకి పేరుబడ్డ ఊరది, మావాడు మూడుసార్లు వెళ్ళి పిల్లలకి ఒక్క చాక్లెట్ తేలేదు. వేల దుకాణాలు, ఎటుచూసినా గ్రిల్లులు, హబ్‌క్యాప్‌లు, డెబ్భై ఏళ్ళ పెద్దలు తోపుడు బళ్ళు లాక్కుంటూ ఇంత ఇనప ముక్క చేత్తో పట్టుకుని తప్పిపోయిన పిల్లాడు దొరికినట్టు కళ్ళనీళ్ళు పెట్టుకోవడం. 1959 కాడిలాక్‌కి ముందే కాదు వెనక కూడా గ్రిల్లుంటుంది, గాలి పీల్చుకోడానికేం కాదు, ఊరికే, అందానికి. దాంట్లో వరసగా క్రోమ్ గుబ్బలు. ఆ గుబ్బలు చౌక జింక్ లోహంతో చేసినవి, కాలం గడిచేకొద్దీ మశూచి మచ్చల్లా గుంటలు పడతాయి, ఒక్కోదాన్ని గుంట పూడ్చి రాగి పూత, నికెల్ పూత, ఆపైన క్రోమ్ పూత వేయించాలి, దానికిచ్చిన డబ్బుతో మా మరదలికి రెండు వరసల చంద్రహారం వచ్చేది, ఆ లెక్క ఆవిడే చెప్పింది, ఇప్పటికి చాలాసార్లు చెప్పింది. ఒకసారి టెయిల్‌లైట్ క్రోమ్ ముక్క చేతిసంచిలో పెట్టుకుని ఫ్లైటెక్కబోతే సెక్యూరిటీ వాళ్ళు పక్కకి పిలిచి ఇది రాకెట్టా అన్నారట. ఆరేళ్ళలో మావాడిని అంత సంతోషపెట్టిన మాట ఇంకోటి లేదు.

భద్రపరచడం అనే కళలో అందరికంటే పై మెట్టు ఎక్కినవాళ్ళు మాత్రం ఓక్లహోమాలో టల్సా ఊరి పెద్దలు. రాష్ట్రానికి యాభై ఏళ్ళు నిండిన సంబరంలో 1957 జూన్ 15న బంగారు రంగూ తెలుపూ కలిసిన సరికొత్త ప్లిమత్ బెల్వడేర్‌ని కోర్టు ముందు పచ్చికలో గొయ్యి తీసి, అణుబాంబు పడినా చెక్కుచెదరదని చెప్పుకున్న కాంక్రీటు గదిలో పాతిపెట్టారు. యాభై ఏళ్ళ తర్వాత తీస్తాం, అప్పటికి ఊరి జనాభా ఎంతుంటుందో దగ్గరగా చెప్పినవాళ్ళకి కారు బహుమతి అన్నారు. డిక్కీలో బీరు కేసు, అప్పటికి భూమ్మీద పెట్రోలుంటుందో ఉండదో అని పెట్రోలు, ముందు డ్యాష్‌బోర్డు అరలో, ఆ కాలపు ఆడవాళ్ళ హ్యాండ్‌బ్యాగులో ఏముంటాయో ముందు తరాలకి తెలియాలని లిప్‌స్టిక్కు, నిద్రమాత్రల్లాంటి మాత్రలు, కట్టని పార్కింగ్ చలానా. 2007లో వేలమంది మధ్య మూత తీస్తే గది నిండా నీళ్ళు పట్టి, కారు మొత్తం ముద్దగా తుప్పు. ప్రపంచంలో సరిగ్గా రోడ్డు మీద తిరగకుండానే అంత అరిగిపోయిన బండి ఇంకోటి ఉండదు. గెలిచినాయన 1979లోనే పోయాడు, ఆ తుప్పుముద్ద ఆయన అక్కచెల్లెళ్ళకి వారసత్వంగా దక్కింది. ఊరి పెద్దలు దీంతో జ్ఞానోదయమై మానేశారనుకునేరు, ఇంకో ప్లిమత్‌ని, ప్రౌలర్ అని, 1998లోనే దాచి పెట్టేశారు, 2048లో తీస్తారు. ఈసారి జాగ్రత్తగా నేల పైనే కట్టారు గది. ప్లిమత్ అనే కంపెనీ పేరే 2001లో మూతపడింది, గది మాత్రం గట్టిగా ఉంది.

దీనికి పూర్తి విరుద్ధంగా, చెప్పుకోడానికే సిగ్గు, హవానాలో జరుగుతున్న అనాచారం ఒకటుంది. విప్లవం వచ్చి, అమెరికా వ్యాపారం బంద్ పెట్టాక క్యూబా వాళ్ళకి కొత్త అమెరికా కార్లూ లేవు, స్పేర్ పార్ట్‌లూ లేవు, ఉన్న తోకల కార్లనే తరతరాలుగా నడుపుకుంటూ వచ్చారు. అల్మెండ్రోన్ అని ముద్దుపేరు, పెద్ద బాదం గింజ అని అర్థం. 1957 షెవర్లే బెల్‌ఎయిర్ బానెట్ ఎత్తితే లోపల రష్యా వాళ్ళ ఇంజనో, ఏ వ్యానులోంచో పీకిన డీజిల్ ఇంజనో ఉంటుంది, ఆ దీపం ఎక్కడిదో ఆ బ్రేకు ఎక్కడిదో పైవాడికే తెలియాలి, పొద్దున్నించీ రాత్రిదాకా జనాన్ని ఎక్కించుకుని షేర్ టాక్సీలా తిరుగుతుంది. చూడండి ఘోరం. మ్యాచింగ్ నంబర్స్ లేవు, క్లాంపు బదులు తీగ ముక్క, దానికి 400కి ఎన్నొస్తాయి? మావాడు వీడియో చూస్తూ మొహం తిప్పేసుకున్నాడు. తమ్ముడూ, బండి నడుస్తోంది కదా అన్నాను. నడవడం పాయింట్ కాదన్నయ్యా అన్నాడు. ఆ మాట మీద నేను చాలాసేపు ఆలోచించాను, అప్పటికి టార్చిలైటు బ్యాటరీ కూడా అయిపోయింది.

నాకూ తోకల మీద ప్రేమ లేకపోలేదు, ఒప్పుకుంటా. చిన్నప్పుడు మా ఊళ్ళో డాక్టరుగారి ఫియట్‌కి వెనక రెండు చిన్న మొనలుండేవి, తర్వాత పద్మినికీ ఉండేవి, అవి ఇటలీ మీదుగా బొంబాయి చేరిన డెట్రాయిట్ గాలే అని ఇక్కడికొచ్చాకే తెలిసింది. మేం వాటి మీద పలక ఆనించి లెక్కలు చేసుకునేవాళ్ళం. ఆయన కేకలేసేవాడు గానీ ఆ బండిలోనే అర్ధరాత్రి కాన్పులకెళ్ళేవాడు.

ఇక పోయిన వేసవి సంగతి. మా అత్తగారు తెనాలి నుంచి ఆర్నెల్లకని వచ్చారు. టెక్సస్ ఎండ చూసి ఆవిడకి ప్రాణం లేచొచ్చింది, ఇంత ఎండ పెట్టుకుని ఒక్కరూ వడియాలు పెట్టరేంటే అని. పెరట్లో తాడు కడితే, బట్టలారేస్తే అసోసియేషన్ వాళ్ళు ఊరుకోరని కూతుళ్ళిద్దరూ చెప్పారు. ఆవిడ గ్యారేజీ వైపు చూశారు. శనివారం పొద్దున మేం టిఫిన్ చేసి వెళ్ళేసరికి డ్రైవ్‌వేలోకి పొడుచుకొచ్చిన రెండు తోకల మధ్యా ఒక నైలాన్ తాడు కట్టి ఉంది, తాడు మీద పిట్టలు వాలకుండా మామయ్యగారి పాత పంచె, కింద మంచం వేసేంత డిక్కీ మీద తడిగుడ్డ పరిచి నాలుగు వరసల్లో సగ్గుబియ్యం వడియాలు. ఎక్స్‌నర్‌కీ ఎర్ల్‌కీ విండ్ టన్నెళ్ళకీ దొరకని ప్రయోజనం.

మావాడి చేతిలో కాఫీ కప్పు వణికింది. అందులో ఉప్పుంటుందత్తయ్యగారూ, తుప్పు పడుతుంది, ఆరేళ్ళ కష్టం, ప్రైమర్ మొన్నే కొట్టించాను, అని ఏదేదో అంటున్నాడు. ఆవిడ పంచె కొస సర్దుతూ, "ఇవాళ దీంట్లో ఎక్కడికైనా వెళ్ళే పనుందా బాబూ" అన్నారు.

వడియాలు రెండు ఎండలకే గలగలమన్నాయి.