ఆకలి తగ్గించే సూది, దాంతోపాటు కరిగే కండ

మా పిన్ని గాజువాకలో ఉంటుంది. వయసు 54. పదేళ్లుగా షుగర్, మోకాళ్ల నొప్పులు, 91 కిలోల బరువు. కిందటి ఏడాది ఏప్రిల్‌లో డాక్టర్ రాసిస్తే వారానికోసారి వేసుకునే ఇంజెక్షన్ మొదలుపెట్టింది. ఏడు నెలల్లో 13 కిలోలు తగ్గింది. షుగర్ అదుపులోకి వచ్చింది, గురక తగ్గింది, రెండు మాత్రలు డాక్టరే ఆపేశారు. ఇంట్లో అందరం సంబరపడ్డాం. కార్తీక పౌర్ణమి నాడు తులసికోట దగ్గర దీపాలు పెట్టడానికి కింద కూర్చుంది. మళ్లీ లేవడానికి మేం ఇద్దరం చేతులు అందించాల్సి వచ్చింది. 91 కిలోలున్నప్పుడు గోడ పట్టుకునైనా తనంతట తాను లేచేది.

ఇప్పుడు విశాఖలో ఈ ఇంజెక్షన్ల మాట బీచ్‌రోడ్డు వాకింగ్ నుంచి పెళ్లి భోజనాల దాకా వినిపిస్తోంది. ఒకరు ‘నోరు కట్టుకోలేని వాళ్లకు అది’ అంటారు. ఇంకొకరు ఎక్కడ తక్కువకు దొరుకుతుందని అడుగుతారు. తగ్గిన కిలోల్లో కొవ్వు ఎంత, కండ ఎంత అని మాత్రం ఎవరూ అడగరు. మనవాళ్లు అన్నిటికంటే ముందు అడగాల్సింది అదేనని నా అభిప్రాయం.

ఇవి పనిచేసే తీరు తెలిస్తే ఆ ప్రశ్న ఎందుకో అర్థమవుతుంది. మనం తిన్నాక పేగుల్లో జీఎల్‌పీ-1 అనే హార్మోన్ విడుదలవుతుంది. ఇన్సులిన్ వదలమని క్లోమానికి చెబుతుంది, పొట్ట ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తుంది, ఇక చాలని మెదడుకు కబురు పంపుతుంది. ఒంట్లో పుట్టే ఈ హార్మోన్ రెండు నిమిషాలకే సగానికి పడిపోతుంది. మందుగా పనికిరావాలంటే ఇంకా ఎక్కువసేపు నిలవాలి. దానికి దారి చూపింది అమెరికా ఎడారుల్లో తిరిగే గిలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి. దాని విషంలో దొరికిన, జీఎల్‌పీ-1ను పోలిన పదార్థం ఆధారంగా తయారైన ఎక్సెనటైడ్‌కు 2005లో అమెరికాలో అనుమతి వచ్చింది. దాన్ని రోజుకు రెండుసార్లు వేసుకోవాలి. ఆ తర్వాత వచ్చిన సెమాగ్లూటైడ్ వారానికోసారి వేసుకుంటే చాలు. షుగర్‌కు ఓజెంపిక్, బరువుకు వెగోవీ అనే పేర్లతో అమ్మేది దీన్నే. మౌంజారో అనే ఇంకో ఇంజెక్షన్‌లో ఉన్న టిర్జెపటైడ్ జీఎల్‌పీ-1తో పాటు జీఐపీ అనే ఇంకో హార్మోన్ పనినీ చేస్తుంది.

ఫలితాలు చిన్నవేమీ కావు. 2021లో వెలువడిన పరీక్షల్లో సెమాగ్లూటైడ్ తీసుకున్నవాళ్లు 68 వారాల్లో సగటున 15 శాతం బరువు తగ్గారు. టిర్జెపటైడ్ పెద్ద డోసులో 72 వారాలకు అది 21 శాతం దాకా వెళ్లింది. అప్పటికే గుండె జబ్బు ఉండి, షుగర్ లేని అధిక బరువు మనుషుల్లో సెమాగ్లూటైడ్ గుండెపోటు, పక్షవాతం, గుండె సంబంధ మరణాల ముప్పును 20 శాతం తగ్గించిందని 2023లో తేలింది. ఇన్ని మంచి ఫలితాలున్న మందును బద్ధకస్తుల అడ్డదారి అని తీసిపారేయడం అన్యాయం. ‘మూరీ మిక్స్చర్ బండి పక్కనే నిలబడ్డా తినాలనిపించలేదు బాబూ, ఇన్నేళ్లూ నాకెందుకు అలా లేదు?’ అని పిన్ని అడిగింది. ముప్పై ఏళ్లుగా ‘కాస్త తగ్గించి తిను’ అని ఆమెను అందరం తప్పుపట్టాం. ఆమె మెదడుకు ‘చాలు’ అనే కబురు సరిగా అందడం లేదని మాకెవరికీ తోచలేదు. ఆ మాటకు నేను సిగ్గుపడ్డాను.

ఇక కండ సంగతి. బరువు ఏ దారిలో తగ్గినా కొంత కండ పోతుంది. వేగంగా తగ్గితే ఎక్కువ పోతుంది. స్కాన్‌లు తీసి చూసిన పరీక్షల్లో, టిర్జెపటైడ్‌తో తగ్గిన బరువులో సుమారు పావు వంతు, సెమాగ్లూటైడ్‌తో 40 శాతానికి దగ్గరగా కొవ్వు కానిదే పోయింది. అందులో నీరు, ఇతర కణజాలం కూడా ఉంటాయి, అంతా కండే కాదు. కానీ ఆ పరీక్షల్లో ఉన్నవాళ్లలో ఎక్కువమంది మనవాళ్లు కారు. మన ఒంట్లో మొదట్నుంచీ కండ తక్కువ. 2004లో లాన్సెట్ పత్రికలో పుణెకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ యుడ్కిన్ కలిసి తమ సొంత లెక్కలే ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క, ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. అందుకే మన దేశంలో బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అంటారు. నడుము కొలత మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడమంటారు. అసలే తక్కువున్న కండలోంచి ఇంకొంత పోతే, 54 ఏళ్ల మనిషి నేల మీంచి లేవలేకపోవడంలో వింతేముంది?

దానికి మన కంచం తోడైంది. ఆకలి తగ్గాక పిన్ని ఏం తింటోందో నేనొకసారి కూర్చుని రాసుకున్నాను. పొద్దున ఒక ఇడ్లీ. మధ్యాహ్నం నాలుగు ముద్దల అన్నం, కాస్త చారు, మజ్జిగ. రాత్రి రెండు బిస్కెట్లు, పాలు. పప్పు బరువుగా ఉందని, చేప వాసన పడటం లేదని మానేసింది. రోజంతా కలిపి ప్రొటీన్ 25 గ్రాములు కూడా లేదు. జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో మామూలు మనిషికే కిలో బరువుకు 0.83 గ్రాములు కావాలి. బరువు తగ్గేవాళ్లకు అంతకంటే ఎక్కువ అవసరం. సూది ఆకలిని తగ్గిస్తుంది, కంచంలో ఏం మిగలాలో చెప్పదు. కడుపులో చోటు తగ్గితే మన ఇళ్లలో మొదట పోయేది పప్పు, గుడ్డు, చేప. చివరిదాకా నిలిచేది అన్నమే.

ఆమెకు చీటీ రాసిన చోట డోసు, తేదీలు చెప్పారు, ఫ్రిజ్‌లో పెట్టమన్నారు. ఏం తినాలో, ఏ వ్యాయామం చేయాలో ఒక్క ముక్క చెప్పలేదు. తప్పంతా డాక్టర్ మీద వేయను, బయట నలభై మంది ఎదురుచూస్తున్నారు. కానీ ఈ మందు రాసేటప్పుడు డైటీషియన్‌తో ఒక్క పూటైనా మాట్లాడించకపోతే వైద్యం సగమే జరిగినట్టు.

మానేస్తే ఏమవుతుందన్నది రెండో ప్రశ్న. సెమాగ్లూటైడ్ ఆపిన ఏడాదికి, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చేసింది. తిరిగి వచ్చేది చాలావరకు కొవ్వే, పోయిన కండ దానంతటది రాదు. పెళ్లికి నాలుగు నెలల ముందు మొదలుపెట్టి, రిసెప్షన్ అయ్యాక ఆపేద్దామనుకునే పిల్లల గురించి నాకు నిజంగా టెన్షన్‌గా ఉంది. 2025 మార్చిలో మౌంజారో మన దేశానికి వచ్చినప్పుడు 2.5 మిల్లీగ్రాముల వయల్ 3,500 రూపాయలు, అంటే నెలకు 14,000. ఆ ధరే చాలామందిని ఆపింది. 2026 మార్చిలో సెమాగ్లూటైడ్ పేటెంట్ గడువు ఇక్కడ ముగిసింది, ఇక మన కంపెనీలూ చేసుకోవచ్చు. నిజంగా అవసరమున్నవాళ్లకు ఇది మేలు. బీఎంఐ 30 దాటినవాళ్లకు, లేదా 27 దాటి షుగర్, బీపీ లాంటివి ఉన్నవాళ్లకు ఉద్దేశించిన మందు ఇది. ఐదు కిలోలు తగ్గాలనుకునే అమ్మాయికి కాదు. వికారం, వాంతులు, మలబద్ధకం మామూలుగా కనిపిస్తాయి. అరుదుగా క్లోమం వాపు, పిత్తాశయంలో రాళ్లు రావచ్చు. కుటుంబంలో మెడ్యులరీ అనే రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవాళ్లు వాడకూడదు. గర్భం కోరుకునేవాళ్లు సెమాగ్లూటైడ్‌ను కనీసం రెండు నెలల ముందే ఆపాలి. చీటీ లేకుండా కౌంటర్ దగ్గర కొనేవాళ్లకు ఇవన్నీ ఎవరు చెబుతారు?

ప్రత్యామ్నాయాల విషయానికొస్తే, సూదికి దీటుగా బరువు తగ్గించేది ఆపరేషన్. బీఎంఐ 32.5 దాటి షుగర్ లాంటి జబ్బులున్నవాళ్లకు పొట్టను చిన్నది చేసే ఈ బేరియాట్రిక్ సర్జరీ మంచి దారి, ఫలితం ఎక్కువ కాలం నిలుస్తుంది. ఆర్లిస్టాట్ మాత్ర తిన్న నూనెలో మూడో వంతు దాకా ఒంటికి పట్టకుండా చేస్తుంది, విరేచనాల ఇబ్బందితో చాలామంది మానేస్తారు. ‘సహజ ఓజెంపిక్’ అని అమ్మే పొడులకు డబ్బు పెట్టొద్దని మాత్రం గట్టిగా చెబుతాను.

నడక, తిండి మార్పుతో అంత బరువు తగ్గకపోవచ్చు. కానీ చెన్నైలో షుగర్ అంచున ఉన్నవాళ్ల మీద చేసి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, ఆ మార్పులు షుగర్ వచ్చే అవకాశాన్ని 28.5 శాతం తగ్గించాయి. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర తగ్గించింది 26.4 శాతం. షుగర్ అంచున ఉన్నవాళ్లు ముందు పట్టుకోవాల్సింది దీన్నే. సూది వేసుకునేవాళ్లకైతే ఇది ప్రత్యామ్నాయం కాదు, తప్పనిసరి తోడు. అందులోనూ బీచ్‌రోడ్డు నడక ఒక్కటే సరిపోదు, కండకు బరువు తగలాలి. మోకాళ్లు బాగున్నవాళ్లకు సింహాచలం మెట్లున్నాయి. లేనివాళ్లకు కుర్చీ ఉంది, నీళ్లు నింపిన రెండు లీటర్ల సీసాలున్నాయి. తిండికీ దూరం వెళ్లక్కర్లేదు. హార్బర్‌లో దొరికే కానాగంతలు, కవళ్లు లాంటి చేపలు, రెండు గుడ్లు, పెరుగు చాలు. వంద గ్రాముల ఉలవల్లో 22 గ్రాముల దాకా ప్రొటీన్ ఉంది. చోడి (రాగి) అంబలి మంచిదే, అయితే అందులో ప్రొటీన్ తక్కువ, దాన్ని నమ్ముకుని పప్పు మానకూడదు.

పిన్ని ఇప్పుడు కంచంలో గుడ్డో చేపో ముందు తిని, మిగిలిన చోటు అన్నానికి ఇస్తోంది. పొద్దునా సాయంత్రం కుర్చీలోంచి పదేసి సార్లు లేచి కూర్చుంటోంది. డోసు ఇంకా పెంచాలా, ఇక్కడే ఉంచాలా అని ఈసారి డాక్టర్‌ను తనే అడిగింది, ఇక్కడే ఉంచమన్నారు. మొన్న శ్రీరామనవమికి వెళ్లినప్పుడు పీట మీంచి లేవడానికి ఒక చెయ్యి గోడకు ఆనించింది. మా చేతులు అడగలేదు.