తీగ సైజు మారితే ట్యూనింగ్ ఒక్కటే సరిపోదు

విజయనగరం, శ్రీకాకుళం వైపు గిటార్ వాయించే కుర్రాళ్ల ఫోన్లలో ఒక సలహా తెగ తిరుగుతోంది. దాని సారం ఇది: "ఎలక్ట్రిక్ గిటార్‌కి 9 సెట్ తీసేసి 10 వేసినా, 11 వేసినా ట్యూన్ చేసుకుంటే చాలు. ట్రస్ రాడ్ ముట్టుకోవద్దు, మెడ విరిగిపోతుంది. బజ్ వస్తే బ్రిడ్జి కాస్త పైకెత్తండి. ఇంటొనేషన్ ఫ్యాక్టరీలోనే చేసి పంపిస్తారు. అయినా మన సముద్రపు గాలికి మెడ ఎలాగూ కదులుతూనే ఉంటుంది కాబట్టి సెటప్ దండగ." ట్రస్ రాడ్ అంటే మెడ లోపలి కడ్డీ. బ్రిడ్జి అంటే బాడీ మీద తీగలు ఆనే భాగం. బజ్ అంటే తీగ ఫ్రెట్లకు, అంటే మెడ మీది అడ్డ పట్టీలకు, తగిలి వచ్చే చప్పుడు. ఇంటొనేషన్ అంటే మెడ మీద ఎక్కడ నొక్కినా స్వరం సరిగ్గా పలికే అమరిక. వీటన్నిటినీ సరిచేయడమే సెటప్.

చివరి మాటలో కొంత నిజం తప్ప ఇందులో ఏదీ నిలవదు. నష్టపోయేది మాత్రం కొత్తగా నేర్చుకుంటున్న పిల్లలు. చర్చిలోనో, పెళ్లి ఆర్కెస్ట్రాలోనో, పైడితల్లమ్మ పండగ స్టేజీ మీదో వాయించాలని ఆశపడి, లావు తీగలు వేసుకుని, వేళ్లు నొప్పి పుట్టి, శ్రుతి కలవక, లోపం తమ చేతిలోనే ఉందనుకుని గిటార్ పక్కన పెట్టేస్తున్నారు. అందుకే ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నాను.

"ట్యూన్ చేసుకుంటే చాలు" అనేదే అన్నిటికీ మూలం. 9, 10 అనేవి మొదటి తీగ మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో. తీగ పొడవు మారకుండా, పలికే స్వరం మారకుండా మందం మాత్రమే పెరిగితే బిగువు పెరగక తప్పదు. ఎంత పెరుగుతుందో 17వ శతాబ్దంలోనే మెర్సెన్ సూత్రం తేల్చింది: మందం వర్గాన్ని బట్టి. పదిని తొమ్మిదితో భాగించి వర్గం కట్టండి, 1.23 వస్తుంది. అంటే మొదటి తీగ ఒక్కటే 23 శాతం ఎక్కువ గట్టిగా లాగుతుంది. ఆరు తీగలూ కలిపి చూస్తే, ఫెండర్ కంపెనీ తరహా 25.5 అంగుళాల స్కేల్ (తీగ పలికే పొడవు) మీద మామూలు శ్రుతిలో 9-42 సెట్ (మొదటి తీగ 9, ఆరోది 42) టెన్షన్, అంటే బిగువు, సుమారు 39 కిలోలు, 10-46 సెట్‌ది సుమారు 47. ఎనిమిది కిలోల బరువు కొత్తగా వచ్చి మెడకు వేలాడినట్టే.

ఆ బరువుకి మెడ ముందుకు వంగుతుంది. మధ్య ఫ్రెట్ల దగ్గర తీగలు పైకి లేస్తాయి, నొక్కడం కష్టమవుతుంది. స్ట్రాట్ తరహా ట్రెమొలో (స్వరం ఊగించడానికి కదిలే బ్రిడ్జి) ఉన్న గిటార్‌లో ఇంకో సంగతి కూడా ఉంది. అక్కడ బ్రిడ్జిని ఒకవైపు తీగలు, ఇంకోవైపు వెనకున్న స్ప్రింగులు లాగుతూ తూకం నిలుపుతాయి. తీగల పక్క బలం పెరిగితే బ్రిడ్జి వెనక భాగం గాల్లోకి లేస్తుంది. ఒక తీగ ట్యూన్ చేస్తుంటే మిగతా ఐదూ దిగిపోతుంటాయి. వెనక మూత విప్పి, స్ప్రింగులు తగిలించిన ప్లేటు స్క్రూలు రెండూ కొంచెం బిగిస్తే, అవసరమైతే ఇంకో స్ప్రింగు తగిలిస్తే, బ్రిడ్జి మళ్లీ తన చోటికి వస్తుంది. ట్యూనర్ స్వరం ఒక్కటే చూపిస్తుంది. మెడ వంపు, బ్రిడ్జి ఎత్తు దానికి తెలియవు.

"పదులు వేసి అర మెట్టు (ఒక ఫ్రెట్ అంత స్వరం) దించి ట్యూన్ చేస్తే సరి" అని కొందరు దీనికే తోక తగిలిస్తున్నారు. అర మెట్టు దించితే తగ్గేది 11 శాతమే. 47 కిలోలు 42 అవుతుంది, పాత 39కి రాదు. ఒక పూర్తి మెట్టు దించితేనే దాదాపు పాత టెన్షన్ వస్తుంది. పాటగాడి శ్రుతిని బట్టి అలా దించి వాయించేవాళ్లకు అది నిజంగానే పనికొచ్చే లెక్క. తక్కినవాళ్లకు కాదు.

"ట్రస్ రాడ్ ముట్టుకుంటే మెడ విరుగుతుంది" అన్న మాట మీద నాకు ఎక్కువ బాధ ఉంది, ఎందుకంటే ఇది భయపెట్టి ఆపేస్తుంది. మెడ లోపల ఆ ఇనుప కడ్డీ పెట్టిందే తిప్పడం కోసం. గిబ్సన్ కంపెనీలో పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూ పేరున 1923లో దానికి పేటెంట్ వచ్చింది. నూరేళ్లుగా ప్రపంచమంతా తిప్పుతూనే ఉంది. చెడిపోయేది ఎక్కడంటే, సైజు సరిపోని అలెన్ కీ పెట్టి కడ్డీ కొసనున్న నట్టు మూలలు అరగదీసినప్పుడు, బిగుసుకున్నదాన్ని బలవంతంగా తిప్పినప్పుడు, కొలవకుండా ఊరికే తిప్పుకుంటూ పోయినప్పుడు.

కొలవడం కష్టమేమీ కాదు. కొత్త తీగలు పూర్తి శ్రుతికి తెచ్చాక మొదటి ఫ్రెట్ దగ్గర కేపో (తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్పు) పెట్టండి. మెడ బాడీతో కలిసేచోటి ఫ్రెట్ దగ్గర ఆరో తీగను వేలితో నొక్కండి. ఇప్పుడు ఎనిమిదో ఫ్రెట్‌కీ తీగకీ మధ్య సందు చూడండి. ఫెండర్ వాళ్లు 9.5 నుంచి 12 అంగుళాల రేడియస్ (మెడ పైముఖం గుండ్రదనం) ఉన్న మెడలకు చెప్పే కొలత అంగుళంలో వెయ్యికి పది, అంటే పావు మిల్లీమీటరు. బైక్ మెకానిక్‌లు టాపెట్ సెట్ చేయడానికి వాడే ఫీలర్ గేజ్ ఇందుకు చక్కగా సరిపోతుంది. ఆటో స్పేర్ పార్ట్స్ షాపుల్లో అడగండి. సందు ఎక్కువుంటే నట్టును గడియారం ముల్లు తిరిగే వైపు పావు చుట్టు, అంతకు మించకుండా బిగించండి. మళ్లీ శ్రుతి చేసి మళ్లీ కొలవండి. లావు తీగల నుంచి సన్నవాటికి దిగినప్పుడు దీనికి వ్యతిరేకం: మెడ మరీ నిటారై సందు మూసుకుపోతుంది, కడ్డీని కాస్త వదులు చేయాలి. కీ వేసి మామూలు బలంతో తిప్పినా కదలకపోతే మాత్రం అక్కడే ఆపేయండి. అది తెలిసినవాళ్లు చూడాల్సిన గిటార్.

ఈ సంగతి తెలిస్తే "బజ్ వస్తే బ్రిడ్జి ఎత్తండి" ఎందుకు తప్పో ఇట్టే తెలుస్తుంది. బజ్ ఎక్కడ వస్తోందో ముందు చూడాలి. మొదటి నాలుగైదు ఫ్రెట్లలోనే వస్తుంటే చాలాసార్లు మెడలో ఉండాల్సిన వంపు లేదని అర్థం. అక్కడ బ్రిడ్జి ఎత్తితే బజ్ సగం తగ్గుతుంది, పైఫ్రెట్లలో వాయించడం నరకమవుతుంది. మెడ వంపు సరిచేశాకే ఎత్తు జోలికి వెళ్లాలి. ఆ మెడలకే ఫెండర్ చెప్పే తీగ ఎత్తు 17వ ఫ్రెట్ దగ్గర సుమారు 1.6 మిల్లీమీటర్లు. గట్టిగా కొట్టేవాళ్లు కొంచెం ఎక్కువ పెట్టుకుంటారు, అది చేతిని బట్టి.

ఇక ఇంటొనేషన్. ఫ్యాక్టరీలో చేసింది ఫ్యాక్టరీలో వేసిన తీగలకు. తీగను ఫ్రెట్ మీద నొక్కినప్పుడు అది కొంచెం సాగి స్వరం పెరుగుతుంది. పైగా లావు తీగ కొసల దగ్గర బిరుసుగా ఉండి సులువుగా వంగదు కాబట్టి తన పొడవు కన్నా పొట్టి తీగలా పలుకుతుంది. ఆ తేడాను సరిచేయడానికే బ్రిడ్జి మీద ఒక్కో తీగకూ విడిగా జరిగే శాడిల్ (తీగ ఆనే చిన్న దిమ్మ) పెట్టారు.

మన జిల్లావాళ్లకు ఇది కొత్త విషయం కాకూడదు. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో ఒకే పనస మొద్దును తొలిచి చేసే వీణకు 24 మెట్లనూ (అక్కడి ఫ్రెట్లనూ) మైనం మీద అమర్చి, చెవితో వింటూ ఒక్కోదాన్నీ స్వరస్థానానికి జరిపి మేళం కడతారు. మైనం మెత్తబడి మెట్టు జరిగితే మళ్లీ కడతారు. ఒకసారి కట్టేశాం, ఇక జన్మకి చాలని ఏ వైణికుడూ అనడు. గిటార్ ఫ్రెట్లు జరగవు కాబట్టి తీగ రెండో కొసను, అంటే శాడిల్‌ను జరుపుతాం. పన్నెండో ఫ్రెట్ మీద హార్మోనిక్ (తీగను నొక్కకుండా తాకి మీటితే వచ్చే స్వరం) వినండి, తర్వాత అక్కడే నొక్కి వినండి. నొక్కిన స్వరం ఎక్కువుంటే శాడిల్ వెనక్కి, తక్కువుంటే ముందుకి. ఎత్తు మార్చితే ఇదీ మారుతుంది కాబట్టి ఈ పని చివర్లో, అదీ కొత్త తీగల మీదే చేయాలి.

సముద్రపు గాలి మాటలో కొంత నిజం ఉంది. కలప తేమ పీలుస్తుంది, వానాకాలానికీ ఎండాకాలానికీ మెడ కొంచెం అటో ఇటో కదులుతుంది. మరి అందుకే కదా సెటప్ నేర్చుకోవాల్సింది! పైగా గాలి చేసే మార్పు మెల్లగా, కొద్దికొద్దిగా వస్తుంది. మీరు వేసే లావు తీగ ఎనిమిది కిలోలను ఒక్క సాయంత్రంలో తెచ్చిపెడుతుంది.

ఆ సలహాలో అసలు ప్రస్తావించనిది నట్, అంటే మెడ పైకొసన తీగలు కూర్చునే గాడుల పట్టీ. 9 నుంచి 10కి చాలా గిటార్లలో ఇబ్బంది రాదు. 11కో 12కో వెళ్తే లావు తీగ గాడిలో పూర్తిగా దిగదు, ట్యూన్ చేస్తుంటే టక్ టక్‌మని పట్టి వదులుతుంది, వాయించేటప్పుడు శ్రుతి నిలవదు. గాడిని సరైన మందం ఫైలుతో రవ్వంత వెడల్పు చేయాలి. తీసిన పదార్థం తిరిగి రాదు కాబట్టి ఈ ఒక్క పనినీ ఇంట్లో సూది ఫైలుతో ప్రయత్నించవద్దు. విశాఖ దాకా వెళ్లాల్సి వచ్చినా సరే, చేయి తిరిగినవాళ్లకే ఇవ్వండి. వేయబోయే తీగల సెట్ కూడా వెంట తీసుకెళ్లండి, వాటి మందానికే గాడి చేయించుకోవచ్చు.