నాలుగు చక్రాలకు నాలుగు కాటాలు

మా బావమరిది కారును బొమ్మకారు అనకూడదు. అది టూరింగ్ కారు. అసలు కారులో పదో వంతు సైజు, కిలోన్నర లోపు బరువు, రిమోట్‌తో పరుగు. జపాన్‌లోని తామియా కంపెనీ 1976లో పోర్షే 934 నమూనాతో తన మొదటి రిమోట్ కారు చేసిందన్న సంగతి వాడు పెళ్ళిచూపుల్లో కూడా చెప్పాడు. ఇంకా బ్రహ్మచారే.

కారుకు వచ్చిన జబ్బేమిటంటే, ఎడమకు బుద్ధిగా తిరుగుతుంది. కుడికి తిప్పితే మాత్రం వెనక చక్రాలు జారి, గిర్రున తిరిగి, డాబా మీది తులసి కుండీని గుద్దుతుంది.

"బరువు కుదరలేదు బావా" అన్నాడు. ఎడమ పక్కనున్న బ్యాటరీయే దాదాపు 300 గ్రాములు. అవతలి పక్క మోటారూ స్పీడ్ కంట్రోలరూ కలిసినా అంత తూగవట. టైర్ల షాపులో చక్రాల బ్యాలెన్సింగుకు వాడే ఐదేసి గ్రాముల బిళ్ళలు తెచ్చి కుడివైపు అంటించాడు. ఛాసిస్ అనే అడుగుచట్రం నడిమి గీత మీద, ముందొకటీ వెనకొకటీ సూదిమొనలు ఆనించి నిలబెడితే ఎటూ ఒరగలేదు. కుండీకి మాత్రం దెబ్బలు తప్పలేదు.

ఇక ఏ చక్రం మీద ఎంత బరువుందో విడివిడిగా చూడాలన్నాడు. అపార్టుమెంటులో నాలుగిళ్ళు తిరిగి నాలుగు డిజిటల్ కాటాలు తెచ్చాడు. వాటిని నమ్మవచ్చా అని అరకిలో కందిపప్పు పొట్లాన్ని ఒక్కొక్కదాని మీదా పెట్టాడు. నాలుగూ ఒకే మాటగా 480 చూపించాయి. కాటాలు మంచివని వాడికి తేలింది. కిరాణా కొట్టు సంగతి మా అత్తగారికి తేలింది.

చదునైన చోటు కావాలని వంటింటి గ్రానైట్ గట్టును ఆక్రమించాడు. ఆ పూట మాకు అటుకులే గతి. కుడి ముందు చక్రం, ఎడమ వెనక చక్రం బరువెక్కువ చూపించాయి. మిగతా రెండూ తేలిక. ఒక కోడు పొట్టిదైన మంచంలా కారు ఐమూలగా నిలబడిందన్నమాట. ఛాసిస్ మెలిపడిందని పైపలక మరలు వదులుచేసి మళ్ళీ బిగించాడు, స్ప్రింగుల బిగువు సరిచేసే కాలర్లనే రింగులు తిప్పాడు. రాత్రికి కాటాలన్నీ రాజీకొచ్చాయి.

పొద్దున డాబా మీద కారు కుడికి దివ్యంగా తిరిగింది. ఎడమకు తిప్పగానే గిర్రున తిరిగి నీళ్ళ పైపును గుద్దింది.

అత్తగారు బట్టలు ఆరేస్తూ అడిగారు. "గట్టు మీద ఎక్కడ పెట్టి తూచావురా?"

"పొయ్యి పక్కన."

"అక్కడ రెండు రాళ్ళ అతుకుంది కదా నాయనా! ఓ రాయి మూల దిగింది. చపాతీ పీట ఊగుతోందని ఎన్నాళ్ళనుంచో అట్టముక్క మడిచి పెడుతున్నాను."

వాడు స్టీలు స్కేలు పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తాడు. స్కేలు కింద అర మిల్లీమీటరు సందు కనిపించింది. ఒక చక్రం అంతమాత్రం దిగితే చాలు, దాని బరువు పక్క చక్రాల మీదికి పోతుంది. రాత్రంతా వాడు సరిచేసింది తాపీమేస్త్రీ పనిని.

చదునంటే అద్దమేనని వాడికి తోచింది. ఆదివారం మా ఇంట్లో నిలువుటద్దం భోజనాల బల్ల మీద పడుకుంది, దాని మీద కాటాలు, వాటి మీద కారు. పెళ్ళికి వెళ్ళాల్సిన మా ఆవిడ చక్రాల మధ్య సందులోకి వంగి బొట్టు పెట్టుకుంటుంటే, పక్కపిన్ను జారి కుడి ముందు కాటా మీద పడింది. అంకె రెండు గ్రాములు పెరిగింది.

"అక్కా, కదలకు!" అని అరిచాడు. "అలాంటిదే ఇంకోటి ఎడమవైపు పెట్టు."