అంగుళాల అంతస్తు

కొత్త కారు కొన్న శ్రీకాకుళం వాసి మొదట అరసవల్లి వెళ్తాడు. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, బానెట్ మీద పసుపు కుంకుమ పెట్టించి, అక్కణ్ణుంచి నేరుగా కారుకి టీవీ బిగించే షాపుకి వెళ్తాడు. విజయనగరం వాసైతే పైడితల్లమ్మ గుడి దగ్గర బయల్దేరతాడు, చేరేది మాత్రం అలాంటి షాపుకే. మొదటి యాత్రకు పూజారి ఉన్నాడు, పద్ధతి ఉంది. రెండోదానికి శాస్త్రమంటూ ఎవరూ రాయలేదు. రాయకపోతే జనం అడగకూడనివి అడిగి షాపువాళ్లను ఇబ్బంది పెట్టే ప్రమాదముంది కాబట్టి, రెండు జిల్లాల ఆచారాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడ నమోదు చేస్తున్నాం.

తెరను అంగుళాల్లోనే కొలవాలి. ఇది మూల సూత్రం. డాష్‌బోర్డులో సెట్టు కూర్చునే, డబుల్ డిన్ అని పిలిచే గుంత వెడల్పు 180 మిల్లీమీటర్లు, ఎత్తు 100. అలాంటి గుంత ఉన్న కారులో ఏడంగుళాల సెట్టు ఎవర్నీ నొప్పించకుండా కూర్చుంటుంది. అందుకే దాన్ని ఎవరూ కొనరు. పక్కింటివాళ్లది తొమ్మిదైతే మనది పది. "ఇంతకన్నా పెద్దది నేదేటి?" అన్న మాటతోనే బేరం మొదలవ్వాలి.

తొమ్మిదీ పదీ గుంతలో దిగవు. ఆ మోడల్ కారు కోసమే పోతపోసిన ప్లాస్టిక్ ఫ్రేము మీద నిలబడతాయి. ఫ్రేము ఏ కారుదో ఆ కారుదే కావాలి, ఏ ఏడాది మోడలో కూడా సరిపోవాలి. దొరక్కపోతే? దూరపు చుట్టం లాంటి ఫ్రేము ఒకటి తెచ్చి, చెవులు కోసి, రెండు వైపులా అంటుకునే టేపు వేసి కూర్చోబెడతారు. తలుపులన్నీ బిగించి మే నెల ఎండలో కారు నిలబెట్టాక ఆ టేపు జిగురు ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఏసీ గాలి సగం తెర వెనక్కి పోతుంది. హజార్డ్ స్విచ్ తెర చాటున దాక్కుంటుంది, దాన్ని నొక్కాలంటే చిటికెనవేలు పొడుగ్గా ఉన్నవాణ్ణి వెంట తీసుకెళ్లాలి. నరసన్నపేట దాటేలోపు డాష్‌బోర్డు కిచకిచలు మొదలెడుతుంది. ఊడదీసేటప్పుడు స్క్రూడ్రైవరు దెబ్బకి విరిగిన క్లిప్పులు దానికి తాళం వేస్తాయి. ప్లాస్టిక్ బద్దతో తియ్యవయ్యా అని అడిగే కొనుగోలుదారుణ్ణి మన ఊళ్లో తిక్కమనిషి కింద లెక్కేస్తారు.

వెలుగు సంగతి అసలు అడగకూడదు. షాపులో ట్యూబులైటు కింద ఏ తెరైనా పెళ్లికూతురిలాగే మెరుస్తుంది. బయటికి తెచ్చి, మిట్టమధ్యాహ్నం అద్దంలోంచి ఎండ తెర మీద పడేలా పెట్టి చూస్తే తప్ప దాని రంగు బయటపడదు. అరసవల్లి సూర్యనారాయణ స్వామి వారికున్నంత పరీక్షాధికారం ఈ విషయంలో ఇంకెవరికీ లేదు. పక్క సీట్లోంచి కూడా ఓసారి చూడాలి. ఐపీఎస్ ప్యానెలైతే బొమ్మ బొమ్మలాగే ఉంటుంది, చవక రకమైతే హీరో ముఖం ఫోటో నెగెటివులా తిరగబడుతుంది. డబ్బా మీద "2కే" అని రాసి ఉన్నా, చవక తొమ్మిదంగుళాల సెట్లలో ఎక్కువగా ఉండేది 1024×600 చుక్కలు. కాస్త మంచివి 1280×720. పైగా నెట్‌ఫ్లిక్స్ లాంటి యాప్‌లు వైడ్‌వైన్ అనే కాపీ నిరోధక తాళంలో పైస్థాయి ఎల్1 ముద్ర ఉన్న సెట్టుకే హెచ్‌డీ బొమ్మ పంపుతాయి. ఈ చవక సెట్లకు సాధారణంగా ఉండేది అడుగుస్థాయి ఎల్3, అంటే 480పీ మసక బొమ్మ. నేతి గిన్నెలో మజ్జిగ పోసి వడ్డించినట్టే.

ర్యాము, ఆండ్రాయిడ్ వెర్షన్ గురించి రెండు ముక్కలు చాలు. సెట్టింగుల పేజీలో "ఆండ్రాయిడ్ 13, 4 జీబీ" అని ఉండొచ్చు. ఆ పేజీలో ఏ అంకె కావాలంటే ఆ అంకె రాయించుకోవచ్చు. సీపీయూ-జెడ్ లాంటి యాప్ ఎక్కించి చూస్తే లోపల ఉన్నది పాత ఆండ్రాయిడ్ 10, ర్యాము అందులో సగం అని తేలిన సందర్భాలు కొల్లలు. చిప్పు పేరు టీఎస్7 అయితే మ్యాపూ పాటా కలిపి పెట్టగానే ఆయాసపడుతుంది. 7862 అయితే పరవాలేదు. అయినా ఇవన్నీ అడిగితే షాపు తమ్ముడు నొచ్చుకుంటాడు.

వాట్ల దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. ఇక్కడ సైన్సు తలవంచింది. సెట్టు డబ్బా మీద "4×60 వాట్లు" అని బంగారు అక్షరాలుంటాయి, మొత్తం 240. అదే సెట్టు వెనక 15 ఆంపుల ఫ్యూజు ఉంటుంది. ఇంజను నడుస్తున్నప్పుడు కారులో సుమారు 14 వోల్టులు, 14ని 15తో గుణిస్తే 210. లోపలికి 210 పోతే బయటికి 240 వస్తోందన్నమాట. మడ్డువలస రిజర్వాయరులో ఈ సెట్టు ఒకటి పడేస్తే రైతులు ఏటా నీళ్ల కోసం ఎదురుచూసే బాధ తప్పుతుంది. నిజానికి లోపలికి పోయినదాంట్లో సగానికి దగ్గరగా వేడిగా పోతుంది. నాలుగు ఓముల స్పీకరుకి చేరేది ఇరవై వాట్లకు అటూ ఇటూ. కంపెనీ ఇచ్చిన కాగితపు స్పీకర్లు మార్చకుండా సెట్టు ఒక్కటే మారిస్తే పాత గోలే కొత్త తెరలోంచి వినిపిస్తుంది. సిరిమానోత్సవం మైకు స్థాయిలో మోత కావాలనుకునేవారికి వేరే యాంప్లిఫయరు తప్పదు. దానికి నేరుగా బ్యాటరీ నుంచి లావుపాటి తీగ లాగాలి, బ్యాటరీకి అడుగున్నర లోపే ఫ్యూజు పెట్టాలి. ఫ్యూజు పెట్టకపోతే తీగ ఎక్కడో రేకుకి ఒరుసుకున్న రోజున తీగే ఫ్యూజవుతుంది.

స్పీకర్ల తీగల్లో ఇంకో ఆచారముంది. తీగలు తక్కువైతే నాలుగు స్పీకర్ల నెగెటివులూ కలిపి కారు రేకుకి కట్టెయ్యడం. పాత కాలపు టేపురికార్డర్లలో నడిచిన విద్య ఇది. ఇప్పటి సెట్లలో స్పీకరుకి రెండు తీగల్లోనూ కరెంటు ఉంటుంది, రేకుకి కట్టగానే లోపలి యాంప్లిఫయరు చిప్పు (ఐసీ) పోతుంది. ఆ పోయినదాన్ని "వోల్టేజీ ఎక్కువైపోనాది" అంటారు.

ఇక పసుపు తీగ, ఎర్ర తీగ. పసుపుది ఎప్పుడూ బ్యాటరీతో ఉండాలి, ఎర్రదానికి తాళం తిప్పినప్పుడే కరెంటు రావాలి, నల్లది రేకుకి. ఇంతకు మించి వేదాంతం లేదు. ఎర్రదీ పసుపుదీ తారుమారైతే కారు ఆపిన ప్రతిసారీ సెట్టుకి మతిమరుపు వస్తుంది. గడియారం మొదటికొస్తుంది, రేడియో స్టేషన్లు పోతాయి, బ్లూటూతు మీ ఫోన్ని కొత్త అల్లుణ్ణి చూసినట్టు చూస్తుంది. రెండూ కలిపి పసుపుకే కట్టేస్తే మతిమరుపు ఉండదు, నిద్ర కూడా ఉండదు. కొన్ని కార్లలో తాళం కరెంటు సెట్టుకి గుచ్చే తీగల కప్లర్‌కి రాదు, కారు లోపలి సందేశాలు చదివే క్యాన్‌బస్ డబ్బా ద్వారానే రావాలి. ఆ డబ్బా ఖర్చు ఎందుకని సరిగ్గా అక్కడే ఈ కలపడం జరుగుతుంది.

లెక్క చూడండి. సెట్టు పడుకున్నట్టు నటిస్తూ 100 మిల్లీఆంపులు తాగుతోందనుకుందాం. రోజుకు 2.4 ఆంపియర్ అవర్లు. చిన్న కారు బ్యాటరీ మొత్తం 35 ఆంపియర్ అవర్లు. పద్నాలుగు రోజులకు 33.6. సంక్రాంతికి హైదరాబాదు నుంచి రైల్లో వచ్చి, టెక్కలిలో తండ్రిగారింట్లో ఉంచిన కారులో ఊరంతా తిరిగి, దాన్ని మళ్లీ అరుగు పక్కన పెట్టి వెళ్లిపోయే కొడుకులు గమనించాలి. పదో రోజుకే సెల్ఫ్ తీసుకోదు. "బ్యాటరీ పాతదైపోనాది బాబూ" అని తండ్రి ఫోను చేస్తాడు, కొత్త బ్యాటరీకి డబ్బులు పంపుతారు, రెండు వారాల్లో అదీ పాతదైపోతుంది. మల్టీమీటరుని 10 ఆంపుల స్కేలులో పెట్టి, బ్యాటరీ నెగెటివు తీగ విప్పి మధ్యలో కలిపి, కారు లాక్ చేసి అరగంట ఆగి చూస్తే యాభై మిల్లీఆంపుల లోపు ఉండాలి. ఎక్కువుంటే సెట్టు ఫ్యూజు పీకి మళ్లీ చూడాలి. తగ్గితే దొంగ దొరికినట్టే. కానీ ఈ పనికి బ్యాటరీ కొన్నంత గౌరవం ఉండదు.

కారు తీగలు కొయ్యకుండా ఆ మోడల్ కప్లర్ కొని గుచ్చడం ఒక పద్ధతి. కోసి, మెలేసి, నల్ల టేపు చుట్టడం మన పద్ధతి. కళింగపట్నం, భావనపాడు వైపు ఉప్పుగాలికి ఆ మెలికలు ఏడాదిలో ఆకుపచ్చ తుప్పు పడతాయి, వేడికి టేపు బంకై జారిపోతుంది. లోహపు తొడుగు నొక్కి బిగించి (క్రింప్ చేసి), పైన వేడికి ముడుచుకునే హీట్ ష్రింక్ గొట్టం తొడిగితే ఈ బాధ లేదు, షాపువాడికి మళ్లీ గిరాకీ కూడా లేదు. తీగలు కోశాక కంపెనీ సర్వీసు సెంటరువాళ్లు వైరింగు వారంటీ రాదంటే అది వాళ్ల అసూయ కిందే లెక్క.

వెనక కెమెరాది చిన్న విషయం. రివర్సు గేరు వెయ్యగానే "నో సిగ్నల్" వస్తే గేరు సంగతి సెట్టుకి చెప్పే ట్రిగ్గర్ తీగ బాగానే ఉంది, కెమెరా నుంచి బొమ్మే రావట్లేదు, ముందు వీడియో పిన్ను వదులేమో చూడాలి. నల్లగా ఉన్నా, బొమ్మ కిందికి దొర్లుతున్నా కెమెరా ఏహెచ్‌డీ అనే హెచ్‌డీ రకం, సెట్టింగు పాత రకంలో ఉండి ఉండొచ్చు.

పిల్లల కోసం వెనక సీట్లకీ తెరలు పెట్టించే ఉదారులున్నారు. సాలూరు ఘాట్ ఎక్కే వరకూ అంతా ప్రశాంతం. కన్నేమో కదలని తెర మీద, చెవి లోపలి తూకమేమో ప్రతి మలుపుకీ ఊగుతూ ఉంటుంది. రెంటికీ పొత్తు కుదరక పొట్ట మధ్యవర్తిత్వం చేస్తుంది. దాని తీర్పు సీటు కవర్ల మీద పడుతుంది. రెండేళ్ల నుంచి పన్నెండేళ్ల పిల్లలకి ఇది ఎక్కువ. తెర కళ్ల ఎత్తులో ఉంటే కొంత నయం, ఘాట్ మొదట్లోనే ఆపేస్తే ఇంకా నయం, ప్లాస్టిక్ కవరు చేతికందేలా ఉంటే అన్నిటికన్నా నయం.

సినిమా పూర్తవుతుందా అన్నది కూడా ఎవరూ ఆలోచించరు. శ్రీకాకుళం నుంచి విశాఖ నూట పది కిలోమీటర్లు, రెండు గంటల పైచిలుకు. మన సినిమా రెండూ ముప్పావు. మద్దిలపాలెం ట్రాఫిక్‌లో ఇరుక్కునేసరికి విలన్ ఇంకా బతికే ఉంటాడు.

ఇంతకీ ఆ తెరను చూడకూడని మనిషి కారులో ఒక్కడే ఉన్నాడు. తెర సరిగ్గా అతని ముందే ఉంది. 2017లో వచ్చిన మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనల ప్రకారం నడిపేవాడు దారి చూసుకోవడానికి తప్ప తెర మీద వీడియోలు చూడకూడదు. సెట్టు తయారుచేసినవాడికీ ఇది తెలుసు. అందుకే వెనక తీగల గుత్తిలో "బ్రేక్" అని చీటీ అంటించిన సన్నటి తీగ ఒకటి పెడతాడు. దాన్ని హ్యాండ్‌బ్రేకు స్విచ్‌కి కలపాలి. బ్రేకు లాగి ఉంటేనే బొమ్మ వస్తుంది, బండి కదిలితే పాట మాత్రమే. గంటకు 80 వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. హీరోయిన్ ఎవరో పోల్చుకోవడానికి రెండు సెకన్లు పట్టినా 44 మీటర్లు. రణస్థలం దగ్గర హైవే మీద రాంగ్ రూట్లో గడ్డి మోపుతో వచ్చే మోటారుసైకిలుకి అందులో సగం చాలు.

ఫిట్టింగు అయిపోవచ్చింది. పది అంగుళాలూ వెలిగాయి. కిందికి వంగి చూస్తున్న మావయ్యగారికి ఏదీ అంటని తీగ ఒకటి వేలాడుతూ కనపడింది.

"ఇదేటి తమ్ముడూ, ఒగ్గేశావు?"

"అదా బావూ, దాంతో పనేటి నేదు. తగిలిస్తే బండి నడుస్తుంటే బొమ్మ రాదు. అందరికీ నల్లదానికే కలిపేస్తాం."

రెండు మెలికలు, పైన టేపు. దానికి డబ్బులు కూడా తీసుకోలేదు.