తాసీలు గారికి ఒక దరఖాస్తు

గౌరవనీయులైన తాసీలు గారికి (ఆఫీసరుకు కాదు, బోర్డు మీదున్న ఆ మాటకే),

నల్లగొండ జిల్లా రైతు నమస్కరించి రాయునది ఏమనగా, నిన్న మధ్యాహ్నమంతా మీ పేరున్న బోర్డు కిందే కూర్చున్నాను. అడిగింది పెద్ద కోరికేం కాదు, మా తాత పేరున్న 1954–55 ఖాస్రా పహాణీ (ఏ భూమి ఎవరిదో రాసిన పాత రికార్డు) నకలు. సార్ మీటింగుకు పోయిండు, రికార్డు రూము తాళంచెవి ఇంకో సార్ దగ్గరుంది, ఆ సార్ ఎక్కడున్నడో ఎవరికీ తెల్వదు, సాయంత్రానికి సర్వర్ డౌన్. (అప్పటి కాగితానికి సర్వర్ ఎందుకని అడిగితే నన్ను ఎగాదిగా చూశారు.)

పనిలేక ఫోన్లో మీ వంశం తిరగేశాను. మీరు అరబ్బీవారట. తహ్‌సీల్ అంటే సంపాదించడం, రాబట్టడం. దానికి ఫార్సీ 'దార్' తగిలిస్తే తాసీల్దారు, రాబట్టే పని చేతిలో ఉన్నవాడు. నిజాం రాజ్యంలో తాలూకాల్లో శిస్తు రాబట్టింది ఆయనే. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి, ఎమ్మార్వో అని కొత్త పేరొచ్చింది, తిరిగి మీరే వచ్చి కుర్చీలో కూర్చున్నారు. సరే, రాబట్టడం మీ పుట్టుకలోనే ఉంది. ఇవ్వడం ఎక్కడా లేదు. ఇక నేను ఎవరిని అడగాలి?

అన్నిటికంటే మండిపోయింది ఎక్కడంటే, ఇదే మాట టర్కీలో చదువు! అక్కడ తహ్సిల్లి అంటే చదువుకున్నవాడు. మన పక్కనున్న ఉర్దూలో కూడా తహసీల్-ఎ-ఇల్మ్ అంటే విద్య సంపాదించడమే. అంటే ఒకచోట బడి దాకా పోయిన మాటవు, మా దగ్గరికొచ్చేసరికి తాళం పడ్డ గది అయినవా? మీ తోబుట్టువు మహసూల్‌కి పంట అనీ పన్ను అనీ రెండర్థాలు, కోస్తావాళ్ల మాసూళ్లు (పంట కోత, నూర్పిళ్లు) దాన్నుంచి వచ్చినవే. పండించేవాడూ గుంజుకునేవాడూ ఒకే ఇంటి మాట పంచుకున్నారు, పంట మాత్రం పంచుకోలేదు.

పహాణీ మరాఠీది, చూసి రావడం అని. చూడనిచ్చారా? నకలంటే అరబ్బీలో ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చడం కూడానట, ఆ లెక్కన ఈ బల్ల నుంచి ఆ బల్లకు తిరిగిన నేనే నకలు. రైతు మాట కూడా మీ ఊరిదేనండీ, రఅయ్యత్, కాపరి మేపే మంద అని. మేపకపోతే పోయె, దొడ్డి గేటన్నా తియ్యండి.

హైదరాబాదు పెద్దమనుషులు 'క్యా హాసిల్?' అంటుంటారు చూడు, ఏం దొరికింది అని, ఆ హాసిల్ కూడా నీ రక్తమే. ఏం దొరికింది నాకు? ఒక పూట కూలి పోయింది, బస్సు పోయింది, పైగా 'సోమవారం రాండ్రి' అన్నరు. వస్తా. ఆ కాగితం చేతిలో పడేదాకా ఆ బోర్డు మీంచి దిగు, సిగ్గుంటే.

ఇట్లు,
సోమవారం రమ్మనబడిన రైతు